బిగిస్తేనే బలమా?

మా ఇంట్లో ఒక పార్టీ ఉంది. దానికి జెండా లేదు. గుర్తు కావాలంటే స్క్రూడ్రైవరు పెట్టుకోవచ్చు. దాని పేరు బిగింపు పార్టీ. అధ్యక్షులు మావారు, కార్యదర్శి మా అబ్బాయి. నలభై యేళ్ళు నేనూ అందులో సభ్యురాలినే. 2023 నవంబరులో రాజీనామా ఇచ్చాను. ఎందుకిచ్చానో చెబుతాను, ఆ పైన తీర్పు మీది.

పార్టీ సిద్ధాంతం ఒక్కటే. ఏది కదిలినా బిగించు. కుళాయి కారుతోందా, ఇంకో చుట్టు బిగించు. గిన్నె పిడి ఊగుతోందా, బిగించు. మావారు మూత పెట్టిన ఆవకాయ సీసా తెరవాలంటే, ఆయన ఊళ్ళో లేనప్పుడు పక్కింటి కుర్రాణ్ణి పిలవాలి. పిల్లవాడు ఎదురు చెప్పాడా, కాస్త బిగించు. ఆడపిల్ల ఇంటికి ఆలస్యంగా వచ్చిందా, మరి కాస్త బిగించు. వదులు అంటే అశ్రద్ధ, బిగువు అంటే బాధ్యత. ఇదీ మా ఇంటి వేదం.

ఈ వేదం తప్పని నాకు చూపించినది గ్రంథమూ కాదు, స్వామీజీ కాదు. మా అబ్బాయి తన గరాజులో కట్టుకుంటున్న విమానం మీది మూత.

"విమానం ఇంట్లో కట్టడమేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అంటారు మీరు. నేనూ అన్నాను. మా అబ్బాయి ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో డేటన్ ఊరి శివార్లలో. అక్కడ ఎవరికి వారు విమానం కట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. పనిలో సగానికి పైగా వృత్తివాళ్ళు కానివాళ్ళే చేసి ఉండాలి. అదీ నేర్చుకోవడానికో, సరదాకో తప్ప అమ్ముకోవడానికి కాదు. పరీక్షాధికారి వచ్చి చూసి కాగితం ఇస్తేనే నేల విడవాలి. ఇలాంటివాళ్ళకు 1953 నుంచీ ఒక సంఘం కూడా ఉంది. జూలై నెలలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో వాళ్ళ తిరనాళ్ళు జరుగుతాయి. రంగులరాట్నాలకు బదులు విమానాలు, అంతే తేడా.

డేటన్ అంటే రైట్ సోదరుల ఊరు. 1903లో వాళ్ళు ఎగరేసిన విమానం రెక్కల బట్టను కుట్టుమిషను మీద తామే కుట్టుకున్నారు. ఆ అన్నదమ్ములకు పనితనం తల్లి సుసాన్ నుంచి వచ్చిందంటారు. ఆవిడ తండ్రి బళ్ళు చేసేవాడు. ఆ కార్ఖానాలో తిరుగుతూ పనిముట్లు పట్టడం నేర్చుకుని, ఇంట్లోకి కావలసిన చిన్న సామాను, పిల్లలకు ఆటబొమ్మలు తానే చేసేదట. కొడుకులు ఎగరడం చూడకుండానే 1889లో పోయింది పాపం. ఈ సంగతి తెలిశాక గరాజులోకి అడుగు పెట్టడానికి నాకు మొగమాటం పోయింది. విమానాల పుట్టింట్లో ఒక తల్లికి చోటున్నప్పుడు ఇంకో తల్లి తొంగి చూస్తే తప్పేమిటి?

రైట్ సోదరుల విమానానికి ముందద్దం లేదు. మనిషి బోర్లా పడుకుని, గాలి మొహాన కొడుతూంటే నడిపాడు. మావాడి విమానం అలా కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. పైన గంగాళం బోర్లించినట్టు పారదర్శకమైన మూత. దాన్ని కనోపీ అంటారు. ఒకే బుడగలాగా వస్తుంది. దాన్ని రెండుగా కోసి, ముందు ముక్కను కదలకుండా విండ్‌షీల్డుగా అమర్చాలి. వెనక ముక్కను లోహపు చట్రానికి తగిలించి, జరిపితే తెరుచుకునేట్టు చేయాలి. ఇంజను వేరే కంపెనీవాడు చేసి ఇస్తాడు. రెక్కల రేకులు కంపెనీవాడే రంధ్రాలు పొడిచి పంపుతాడు. ఈ మూత కోతా అమరికా మాత్రం కట్టుకునేవాడి చేతిలోనే. అందుకే వాళ్ళకి ఈ ఘట్టమంటే పెళ్ళిచూపులంత భయం.

ఇంతకీ ఆ మూత గాజు కాదు. అక్రిలిక్ అనే ప్లాస్టిక్కు. 1930లలో జర్మనీలో ప్లెక్సిగ్లాస్ అనీ, ఇంగ్లండులో పర్‌స్పెక్స్ అనీ పేర్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు అదే పైకప్పయింది. గుళ్ళు తగిలి అది పగిలినప్పుడు ముక్కలు పైలట్ల కళ్ళల్లో దిగేవి. ఆ ముక్కల్ని కన్ను పగవాళ్ళలా చూడకుండా ఊరుకోవడం హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు గమనించాడు. 1949లో లండన్‌లో అదే ప్లాస్టిక్కుతో కటకం చేయించి, శుక్లం తీసేసిన కంట్లో అమర్చాడు. మన అమ్మమ్మలు సోడాబుడ్డి కళ్ళద్దాలతో తడుముకున్న రోజులు పోయి, మనం ఆపరేషనైన మర్నాడే పత్రిక చదువుకుంటున్నామంటే దానికి తొలి అడుగు అక్కడే పడింది. నా కుడికంట్లో ఉన్నదీ ఆ జాతిదేనని డాక్టరమ్మ చెప్పింది. అంచేత విమానం మూతకూ నాకూ చుట్టరికం ఉంది. నేను మాట్లాడితే "నీకెందుకే" అనడానికి ఎవరికీ వీల్లేదు.

మా కోడలికి ఇంకా దగ్గర చుట్టరికం. ఆ పిల్ల పళ్ళ డాక్టరు. కట్టుడుపళ్ళ గులాబీరంగు చిగురు భాగం ఈ అక్రిలిక్కే. చదువుకునే రోజుల నుంచీ దాన్ని అరగదీస్తూ, నున్న చేస్తూ ఉన్న చెయ్యి. గరాజులో ఎంత బాగా పని చేసేదో చూడాలి! చలిలో అక్రిలిక్ పెళుసెక్కుతుందని, కోత నాడు పొద్దున్నే హీటరు పెట్టి గదంతా 27 డిగ్రీలకు తెచ్చింది. రంపం పళ్ళు పట్టుకుని చీలుస్తాయని, గిర్రున తిరిగే రాపిడి బిళ్ళతో కోయించింది. కోసిన అంచును గరుకు కాయితంతో, ఆ తర్వాత అంతకన్నా సన్న కాయితంతో, వేలికి ఏమీ తగలనంతవరకు రుద్దింది. అంచున మిగిలిన చిన్న గీత నుంచే పగులు మొదలవుతుందట. రంధ్రాలకు మామూలు డ్రిల్లు మొన పనికిరాదు. అది కరుచుకుని లోపలికి లాగి, అవతల పెచ్చు లేపుతుంది. దీనికని వేరే మొన ఉంటుంది. కింద చెక్క ఆనించి, తొందరపడకుండా దింపాలి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. మూతమీద దుమ్ము పడిందని, వంటింట్లోంచి కిటికీలు తుడిచే నీలం మందు పట్టుకుని బయల్దేరాను. కోడలు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, అందులో అమ్మోనియా ఉంటుంది. ఇవాళ మెరుస్తుంది, తర్వాత వెంట్రుకల్లాంటి బీటలు పడతాయి" అంది. పెట్రోలు, నెయిల్ పాలిష్ తుడిచే మందు కూడా దానికి విషమేనట. పొడిగుడ్డతో రుద్దినా గీతలే. నీళ్ళు పోసి దుమ్ము జారనిచ్చి, పలచని సబ్బునీళ్ళతో మెత్తగా చేత్తో కడగాలి. పసిపిల్లకి స్నానం పోసినట్టు పోశాం ఇద్దరం.

సరే, అసలు తగాదా రంధ్రాల కొలత దగ్గర వచ్చింది. కిట్టుతో వచ్చిన పుస్తకంలో, స్క్రూ కాడ కంటే అక్రిలిక్‌లో రంధ్రం పెద్దదిగా ఉండాలని ఉంది. కోడలు అదే చెప్పింది. మావాడికి నచ్చలేదు. "లొడలొడలాడితే ఎలా? ఇది పళ్ళ సెట్టు కాదు, విమానం" అన్నాడు. ఫోనులో మావారు వంత పాడారు. "అంత గాలిలో పోయేదానికి వదులేమిట్రా, గట్టిగా బిగించు" అన్నారు. నేనేమన్నానో దాచను. "మగవాళ్ళిద్దరూ చెబుతున్నారుగా, పోనీలేమ్మా" అన్నాను. కోడలు ఊరుకుంది. వాడు విండ్‌షీల్డుకు స్క్రూ పట్టినంతే రంధ్రాలు పొడిచి, చెయ్యి నొప్పి పుట్టేదాకా బిగించాడు. రాత్రి హీటరు ఆపేసి పడుకున్నాం.

తెల్లవారుజామున, బయట మంచు. నేను దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్నాను. గరాజులోంచి 'ఠప్'మని శబ్దం. ఎలుకబోను పడిందేమో అనుకున్నాను. వెళ్ళి చూస్తే మూడో స్క్రూ దగ్గర నుంచి అంచు దాకా ఒక గీత. ఎవరూ ముట్టుకోలేదు. రాయి పడలేదు. తనంతట తానే పగిలింది. వెయ్యి డాలర్లకు పైమాటే.

ఎందుకు పగిలిందో మా కోడలు కాగితం మీద లెక్కవేసి చూపించింది. వేడికి పెరగడం, చలికి కుంచించుకుపోవడం అన్నిటికీ ఉన్నా, అందరికీ ఒకే మోతాదులో లేదు. అల్యూమినియంతో పోలిస్తే అక్రిలిక్‌కు అది ఇంచుమించు మూడింతలు. నాలుగడుగుల ముక్క తీసుకోండి. ఎండలో మూసిపెట్టిన విమానానికీ, శీతాకాలపు ఆకాశంలో విమానానికీ మధ్య 60 డిగ్రీల తేడా అనుకోండి. అక్రిలిక్ 5 మిల్లీమీటర్లు కదులుతుంది. అల్యూమినియం రెండు కూడా కదలదు. మిగిలిన మూడు మిల్లీమీటర్లూ ఎక్కడికి పోవాలి? రంధ్రంలో చోటుంటే అందులోకి పోతాయి. చోటు లేకపోతే పగులులోకి పోతాయి. ఆ రాత్రి మా గరాజులో తేడా అంత లేదు. అయినా చెయ్యి నొప్పి పుట్టే బిగింపుకు ఆ మాత్రం చాలింది.

ఇప్పుడు బిగింపు పార్టీ వారి వాదాలు ఒక్కొక్కటే తీసుకుంటాను. నలభై యేళ్ళ సభ్యత్వం కదా, అన్నీ కంఠతా వచ్చు.

మొదటి వాదం: వదులుగా ఉంటే గాలికి ఎగిరిపోతుంది. ఇది వినడానికి బాగానే ఉంటుంది. చూస్తే నిలవదు. రంధ్రం స్క్రూ కాడ కంటే పెద్దది, నిజమే. కాని స్క్రూ తల, దాని కింది వాషరు రంధ్రం కంటే ఇంకా పెద్దవి. కాబట్టి ముక్క పక్కకు సర్దుకోగలదు గాని పైకి లేవలేదు. గాలి లాగేది పైకి. చలి లాగేది పక్కకు. పైకి పోకుండా పట్టుకోవాలి, పక్కకు పోతే పోనివ్వాలి. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళే రెంటినీ కలిపి బిగిస్తారు. కోటేరు కొట్టి గాజు వేయించుకున్న చెయ్యి ఎవరికైనా ఉందా? మణికట్టు మీద అటూ ఇటూ ఆడే గాజు చేతిలోంచి జారిపోతోందా? చేతికి అతుక్కున్న గాజే కదూ తలుపు రెక్క తగలగానే చిట్లేది?

రెండో వాదం మావారిది. "బండిచక్రం చూడవే. ఇనపపట్టా ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్ళు పోసి బిగిస్తారు. ఆ బిగింపే చక్రానికి ప్రాణం" అన్నారు. ఒప్పుకున్నాను. మా తాతగారి ఊళ్ళో కంసాలి అలా తొడుగుతూంటే చిన్నప్పుడు నేనూ చూశాను. కాని అక్కడ బిగుసుకునేది ఇనుము, బిగింపు భరించేది కర్ర. ఆ నొక్కుడు కర్ర అంతటా సమానంగా పడుతుంది, ఆకులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక్కడ నొక్కుడంతా ఒక చిన్న రంధ్రం అంచు మీద పడుతోంది. కర్ర ఓర్చుకున్నదని అక్రిలిక్ ఓర్చుకోదు. "బండిచక్రం సంగతి ఎందుకండీ, మీ కట్టుడుపళ్ళ సంగతి చెప్పండి. బిగువుగా ఉండాలని పట్టుబట్టి చేయించుకున్నారు. వారం తిరక్కుండా చిగుళ్ళు ఒరుసుకుపోయి, డాక్టరు చేత అంచులు అరగదీయించుకున్నారు. అదీ అక్రిలిక్కే" అన్నాను. అవతల ఫోను కాసేపు మాట్లాడలేదు.

మూడో వాదం మావాడిది. కొంచెం గట్టి వాదం. 1990 జూన్ 10న బర్మింగ్‌హాం నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయల్దేరిన ఒక బ్రిటిష్ విమానానికి 17,000 అడుగుల పైన ముందద్దం ఊడిపోయింది. కెప్టెను సగం శరీరం బయటికి లాగేసింది గాలి. లోపలి సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వేలాడుతూంటే, రెండో పైలటు సౌతాంప్టన్‌లో దింపాడు. దైవకృప, అందరూ బతికారు, ఆ కెప్టెనుతో సహా. "చూశావా అమ్మా, అద్దం వదులుగా ఉంటే ఏమవుతుందో" అన్నాడు మావాడు.

చూశాను. నువ్వే సరిగ్గా చూడలేదు. ఆ అద్దాన్ని బయల్దేరడానికి ముందే మార్చారు. మార్చినాయన పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి కొత్తవి ఏరుకున్నాడు. 90 బోల్టుల్లో 84 కావలసినదానికంటే అంగుళంలో వెయ్యింట 26 వంతులు సన్నం. మిగిలిన ఆరు పొట్టి. ఆయన బిగించలేదా అంటే, బిగించాడు. సరిపోని బోల్టును ఎంత బిగించి ఏం లాభం? ఆ ప్రమాదం చోటు వదిలినందువల్ల రాలేదు. కొలత చూడనందువల్ల వచ్చింది. చోటు వదలడానికీ కొలతే కావాలి. ఎంత వదలాలో లెక్కకట్టి వదలడం వేరు, ఏమరుపాటున వదిలేయడం వేరు. ఈ రెంటినీ ఒకే 'వదులు' అనే మాటతో చుట్టేయడమే బిగింపు పార్టీ చేసే పెద్ద మోసం.

అమెరికా విమానయాన శాఖ మెకానిక్కుల కోసం వేసిన పుస్తకంలో కూడా ఈ సంగతి ఉంది. అక్రిలిక్ లాంటి ప్లాస్టిక్కుకు రంధ్రం బోల్టు కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దదిగా పొడవమంటుంది. నట్టు గట్టిగా పట్టేదాకా బిగించి, ఆ తర్వాత ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పమంటుంది. చట్రంలో ఇమడని ముక్కను వంచి బలవంతాన కూర్చోబెట్టవద్దంటుంది. వెనక్కి తిప్పిన నట్టు ఊడిపోదా అని మావారు అడిగారు. ఊడదు. కదలికకు తనంతట తాను తిరగని రకం నట్టు వాడతారు. అదీ పనితనం. కదలడానికి చోటివ్వు, ఊడిపోకుండా కాపలా పెట్టు. చోటివ్వకుండా కాపలా ఒక్కటే పెట్టడం మన ఇళ్ళల్లో పద్ధతి.

మావాడి స్నేహితుడొకడు వచ్చి ఇంకో దారి చెప్పాడు. ఈ మధ్య చాలామంది రంధ్రాలే పొడవడం లేదట. పడవల అద్దాలకు వాడే జిగురుతో అతికించేస్తున్నారట. మావాడు సంతోషించి, "అయితే జిగురు పలచగా పూసి బిగించి నొక్కేస్తే ఉడుంపట్టు" అన్నాడు. చూశారా, పార్టీ మారినా బుద్ధి మారలేదు! ఆ స్నేహితుడే నవ్వి, "పలచగా పూస్తే సాగడానికేముంటుంది? మూడు మిల్లీమీటర్ల మందం ఉండాలి. రబ్బరులా సాగి అక్రిలిక్ కదలికను అదే మింగుతుంది" అన్నాడు. ముందు రెండు వైపులా పూత వేసి ఆరనివ్వాలి, అతుకు మీద ఎండ పడకుండా కప్పాలి, అదో పెద్ద తతంగం. రంధ్రమైనా, జిగురైనా నియమం ఒకటే. మధ్యలో ఇంత చోటుండాలి.

ఇదంతా విని, "అయితే అన్నీ వదులుగా పెట్టేయమంటారా?" అని ఎవరైనా అడిగితే, అబ్బే, నేనలా అనలేదు. ఇంజను బోల్టులకు ఇంత బిగింపు అని లెక్క ఉంటుంది. దానికో ప్రత్యేకమైన రెంచి ఉంటుంది. అక్కడ తగ్గితే ప్రాణం పోతుంది. నేననేది, ఏ వస్తువు దేనికి ఓర్చుకుంటుందో తెలుసుకోకుండా అన్నిటి మీదా ఒకే బలం ప్రయోగించడం బలం కాదు, బద్ధకం. ఆలోచించడానికి బద్ధకించినవాడు బిగిస్తాడు.

ఈ మాట ఇతరులకు చెప్పడం సులువు. నా సంగతి చెబుతాను. మా అమ్మాయి డిగ్రీలో ఫస్టుక్లాసు. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతానంది. హాస్టలు, దూరం, చెయ్యి జారిపోతుంది అన్నారు మావారు. నేను "మంచి సంబంధం" అన్నాను. ఇద్దరం కలిసి బిగించాం. ఠప్‌మన్న శబ్దం ఏమీ రాలేదు. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. పుణెలో కాపురం, లోపమేమీ లేదు. కాని ఉగాదికి, దీపావళికి ఫోను. 'బాగున్నావా, బాగున్నాను', అంతే. ఇన్నేళ్ళూ పిల్లది ఉద్యోగంలో తీరిక లేక అనుకున్నాను. ఆ పొద్దున గరాజులో వేలితో ఆ గీత వెంట పోతూంటే, అది తీరిక సంగతి కాదని తెలిసింది. మనుషుల్లో పగులు వెంటనే కనబడదు. వాళ్ళు పగిలినట్టు చెప్పరు కూడా.

అదే రోజు కోడలి దగ్గరికి వెళ్ళి, "నీకు తెలిసిన పనిలో నీ నోరు నేను మూయించాను, తప్పయిందమ్మా" అన్నాను. ఆ పిల్ల, "అయ్యో అత్తయ్యా, మీరేం చేశారు?" అంది. అదే కదా నేను చేసిన పని. ఏమీ చేయకుండా 'పోనీలే' అనడం కూడా బిగించడమే, ఎదుటివాళ్ళ చేత. ఆడవాళ్ళం ఈ పార్టీలో చేసే సేవంతా ఇదే. స్క్రూడ్రైవరు మన చేతిలో ఉండదు. దీపం పట్టుకుని నిలబడతాం.

కొత్త కనోపీ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. వాతావరణం వెచ్చబడేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఈసారి రంధ్రాలు కోడలు పొడిచింది. మావాడు చెక్క పట్టుకున్నాడు. నేను నిజంగానే టార్చిలైటు పట్టుకున్నాను, ఈసారి నోరు మూసుకోకుండా. ప్రతి రంధ్రం అంచునూ లోపలా బయటా నున్న చేసింది. మావాడు నట్టు బిగించాడు. వాడి వేళ్ళు ఇంకో చుట్టు కోసం దురద పెడుతున్నాయని నాకు కనబడుతూనే ఉంది. తండ్రి పోలిక. కోడలు ఏమీ అనలేదు, చూసింది. వాడు నిట్టూర్చి ఒక చుట్టు వెనక్కి తిప్పాడు. మొదటిది తిప్పేటప్పుడు వాడి మొహం చూడాలి, ఆస్తి రాసిచ్చినట్టు! పదో నట్టుకు అలవాటయింది. మళ్ళీ చలి రాత్రులు వచ్చాయి, వెళ్ళాయి. పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు నా చెవి గరాజు వైపే ఉండేది. ఏ శబ్దమూ రాలేదు.

నేను తిరిగొచ్చాక అమ్మాయికి ఫోను చేశాను. ఎమ్మెస్సీ సంగతి నేనే ఎత్తాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడెందుకమ్మా అది" అంది. ఎందుకో చెప్పాను. ఫోను పెట్టేసింది. నేను మళ్ళీ చేయలేదు. 'ఎందుకు పెట్టేశావు' అని అడగడం కూడా ఒక చుట్టు బిగించడమేనని ఊరుకున్నాను. పన్నెండు రోజులకు తానే చేసింది. ఏ పండగా కాని మంగళవారం నాడు. దొండకాయ వేపుడు మాడకుండా ఎలా చేస్తావని అడిగింది. చెప్పాను. అంతకంటే నేనేమీ అడగలేదు.

ఈ వ్యాసానికి బిగింపు పార్టీ వారు ఘాటుగా జవాబు రాస్తారని నాకు తెలుసు. రాయండి. కాని రంధ్రం కొలత, స్క్రూ కొలత, రాత్రి చలి కొలత మూడూ వేసి మరీ రాయండి. ఉత్తి కోపం పనికిరాదు. మావారు అప్పుడే జవాబు రాస్తానని కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. గంటయింది, ఒక్క అక్షరమూ పడలేదు. కలం మూత రావడం లేదట. నిన్న వారే బిగించారు.